పిల్లల్ని విమానం ఎక్కించే వాలంటీర్లను ఎలా ఎంచుకోవాలి

శనివారం పొద్దున ఏడున్నరకి హ్యాంగర్ తలుపులు తీస్తాం. ఒక మూల పాన్‌కేకుల పొగ, ఇంకో మూల రిజిస్ట్రేషన్ టేబుల్, బయట విమానాలు నిలిపే ర్యాంప్ మీద నాలుగైదు చిన్న సెస్నా విమానాలు. తొమ్మిదయ్యేసరికి నలభై మంది పిల్లలు వస్తారు. పేరు పిలవగానే పసుపు జాకెట్ వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి పిల్లవాణ్ణి విమానం దాకా నడిపించుకు వెళ్తాడు. అమ్మానాన్నలు కంచె ఇవతల నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఆ జాకెట్ అతనికి ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు అని ఆ హడావుడిలో ఎవరూ అడగరు. వాళ్లు అడగకపోయినా సమాధానం మన దగ్గర ఉండాలి.

నేను చెబుతున్నది అమెరికాలోని యంగ్ ఈగిల్స్ గురించి. ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్, పొట్టిగా ఈఏఏ, 1953లో విస్కాన్సిన్‌లో మొదలైంది. 1992 నుంచి 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు ఉచితంగా విమానంలో ఒక చుట్టు తిప్పి చూపిస్తోంది. ఇప్పటికి 20 లక్షల మందికి పైగా పిల్లలు అలా ఎక్కారు. ఎక్కించేవాళ్లంతా వాలంటీర్లే, పెట్రోలు ఖర్చు కూడా వాళ్లదే. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియా లాంటి చోట్ల ఈ ర్యాలీల్లో (పిల్లల్ని ఇలా ఎక్కించే రోజుని ర్యాలీ అంటారు) మన పిల్లలు బాగానే కనిపిస్తారు. ఈ మధ్య పైలట్ సీట్లోనూ, రిజిస్ట్రేషన్ టేబుల్ వెనకా కూడా మనవాళ్లు కనిపిస్తున్నారు. మీరు ఒక ఛాప్టర్‌లో, అంటే ఈఏఏ స్థానిక శాఖలో, కోఆర్డినేటర్ బాధ్యత తీసుకున్నా, తెలుగు సంఘం తరఫున పిల్లల్ని ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్దామనుకున్నా ఇది మీకోసమే.

మనుషుల కంటే ముందు పనులు రాయండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ఎవరొస్తారో చూసి, వచ్చినవాళ్లకి పనులు పంచుతారు. తిరగేయండి. ముందు ఒక కాగితం మీద ఆ రోజు జరిగే పనులన్నీ రాసి, ప్రతి పని పక్కన ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి పిల్లలకి ఎంత దగ్గరగా, ఎంతసేపు ఉంటాడు?

పాన్‌కేకులు తిప్పేవాడు, పార్కింగ్ చూసేవాడు దూరం. రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర కూర్చునే ఆవిడ పిల్లల పేరు, వయసు, ఫోన్ నంబర్ చూస్తుంది కాబట్టి అంత దూరమేమీ కాదు. ర్యాంప్ మీద నడిపించేవాళ్లు, సిమ్యులేటర్ దగ్గర కూర్చోబెట్టేవాళ్లు, పైలట్లు బాగా దగ్గర. దగ్గరున్న ప్రతి ఒక్కరికీ పూర్తి పరిశీలన, దూరం వాళ్లకి కొంచెం తేలిక. ఈఏఏ నిబంధన 2016 నుంచి ఉంది. పైలట్లు, కార్యక్రమం నడిపేవాళ్లు పిల్లల భద్రత మీద ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేయాలి, పాత కేసులేమైనా ఉన్నాయా అని వెతికే బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాటాలి. రెండూ మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి. ర్యాంప్ మీద నడిపించేవాళ్ల చేత కూడా చేయించమనే నేను చెబుతాను. పైలట్ పక్కన పిల్లవాడు ఇరవై నిమిషాలుంటే, ర్యాంప్ వాలంటీర్ పక్కన వంతు కోసం ఒక్కోసారి గంట ఉంటాడు.

పేరు దగ్గర ఆగండి

దరఖాస్తులో ఏం అడగాలో అందరికీ తెలిసిందే: పూర్తి పేరు, పుట్టిన తేదీ, గత కొన్నేళ్లలో ఉన్న ఊళ్లు, పిల్లలతో ఇదివరకు చేసిన పని, ముగ్గురి రెఫరెన్సులు. కానీ మనవాళ్ల విషయంలో పేరు అనే గడి దగ్గరే అసలు తిరకాసు.

మన పాస్‌పోర్టుల్లో ఒకరికి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది. ఇంకొకరికి తండ్రి పేరు ఉంటుంది. కొందరికి ఆ గడి ఖాళీ. అలా ఒకటే పేరు ఉంటే అమెరికా వీసా మీద ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదు అని. ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు ఒక రకంగా, సోషల్ సెక్యూరిటీ కార్డు ఇంకో రకంగా వస్తాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్లకి మూడో రకం. ఇక ఆఫీసులో వాడే ముద్దుపేరు నాలుగోది.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ వెతికేది ఆ పేరుతోనే. మా ఛాప్టర్‌లో ఒకాయన ఇంటిపేరుని ఫస్ట్ నేమ్ గడిలో, ఆఫీసు ముద్దుపేరుని లాస్ట్ నేమ్ గడిలో రాశాడు. రిపోర్ట్ చాలా క్లీన్‌గా వచ్చింది. రాకేం చేస్తుంది, ఆ పేరుగల మనిషి ఈ భూమ్మీద లేడు. లైసెన్సు పక్కన పెట్టి చూస్తే గానీ నాకు వెలగలేదు. ఆయన మంచివాడే, మళ్లీ చేయిస్తే మళ్లీ క్లీన్‌గానే వచ్చింది. కానీ కావాలని అలా రాసేవాడు కూడా ఉండొచ్చు కదా. అందుకే దరఖాస్తుని లైసెన్సు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి, ఇదివరకు వాడిన పేర్లన్నీ విడిగా రాయించండి.

దీనికి రివర్స్ కూడా ఉంది. రావు, రెడ్డి, కుమార్ లాంటి పేర్లు వేలమందికి ఉంటాయి. వేరే ఎవరిదో కేసు మీ వాలంటీర్ నెత్తిన పడొచ్చు. ఇక్కడ చట్టం స్పష్టంగా ఉంది. బయటి కంపెనీ చేత చెక్ చేయించాలంటే ముందు ఆ మనిషికి విడిగా ఒక కాగితంలో తెలియజేసి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. రిపోర్ట్ చూసి వద్దనబోతున్నారా, వద్దనేముందే ఆయన చేతికి కాపీ ఇచ్చి, ఆయన మాట వినాలి. రిపోర్టులో తప్పుందని ఆయన ఆ కంపెనీకి ఫిర్యాదు చేస్తే వాళ్లు మామూలుగా 30 రోజుల్లోగా మళ్లీ పరిశీలించాలి. ఈ లోపు ఆయన్ని పిల్లల దగ్గర పెట్టొద్దు, ఛాప్టర్ వాట్సాప్ గ్రూపులో ఆయన గురించి ఒక్క ముక్క రాయొద్దు. రిపోర్ట్ చూసేది ఇద్దరే అయితే మేలు.

చెక్ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఇదివరకే దొరికిపోయి, కేసు నమోదై, ఆ కేసు అమెరికా రికార్డుల్లోకి ఎక్కినవాణ్ణి చెక్ పట్టుకుంటుంది. అంతే. నిన్నగాక మొన్న హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషికి ఇక్కడ క్లీన్ రిపోర్ట్ వస్తే, దాన్నుంచి మీకు తెలిసింది సున్నా. భారత పౌరులు కాన్సులేట్ ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. కావాలంటే అడగండి, కానీ దానికి టైం పడుతుంది. అలాంటివాళ్ల విషయంలో నేను రెఫరెన్సుల మీదే ఎక్కువ ఆధారపడతాను. మొదటి ఏడాది పిల్లలతో సంబంధం లేని పని ఇస్తాను.

హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకి ఇచ్చేది) మీద ఉన్న చాలామందికి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు. ఫారం ఆ నంబర్ అడిగి అక్కడే ఆగిపోతుంది. "మనకి తెలిసినావిడే కదా, ఈసారికి కానిద్దాం" అనిపిస్తుంది. కానివ్వకండి. ఈఏఏ వాళ్లకి ఫోన్ చేసి దారేముందో కనుక్కోండి, తేలేదాకా ఆవిడకి వంటశాలో, కుర్చీలు సర్దడమో ఇవ్వండి. ఆరు నెలలకి చూడటానికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు కుర్చీ వేసుకుని విమానాలు చూడటానికి ఎంతమందైనా రావచ్చు. వాలంటీర్ల లెక్కలో మాత్రం వాళ్లు రారు.

రాష్ట్రాన్ని బట్టి అదనపు రూల్స్ ఉంటాయి, మీ రాష్ట్రానివి చూసుకోండి. కాలిఫోర్నియాలో 2022 నుంచి, పిల్లలతో నెలకి 16 గంటలు లేదా ఏడాదికి 32 గంటలు దాటి గడిపే వాలంటీర్లు లైవ్ స్కాన్‌లో, అంటే ఎలక్ట్రానిక్ పద్ధతిలో, వేలిముద్రలు ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో వాలంటీర్ల క్లియరెన్సులు ఐదేళ్లకోసారి కొత్తగా తీసుకోవాలి. పిల్లల్ని కేడెట్లుగా చేర్చుకునే సివిల్ ఎయిర్ పెట్రోల్ అయితే అన్ని చోట్లా పెద్దవాళ్ల వేలిముద్రలు ఎఫ్‌బీఐకి పంపిస్తుంది. 1941 డిసెంబర్ 1న పుట్టిన సంస్థ, ఎయిర్ ఫోర్స్‌కి అనుబంధం, పద్ధతులన్నీ గట్టివి. మీ పిల్లలు కేడెట్‌గా చేరితే మిమ్మల్నీ వాలంటీర్‌గా రమ్మంటారు, అప్పుడు వేలిముద్రలు అడిగితే కంగారు పడకండి.

ఇవన్నీ కాక లైంగిక నేరస్థుల జాతీయ జాబితాని న్యాయశాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. ఐదు నిమిషాల పని. అది చెక్‌కి బదులు కాదు, కానీ రిపోర్ట్ రాకముందే ఒకసారి చూడటం నాకు అలవాటు.

ఫోన్ తీయండి

అందరూ వదిలేసేది ఇదే, నిజంగా పనికొచ్చేదీ ఇదే. రెఫరెన్సులకి ఈమెయిల్ పంపొద్దు, ఫోన్ చేయండి. చుట్టాలు వద్దు. ఆఫీసు మేనేజర్లూ పెద్దగా పనికిరారు, ఇక్కడి కంపెనీలు ఉద్యోగంలో చేరిన తేదీ, మానేసిన తేదీ తప్ప ఏమీ చెప్పవు. ఈ మనిషిని పిల్లల మధ్య చూసినవాళ్లు కావాలి: క్రికెట్ కోచింగ్ దగ్గరో, గుడిలో బాలవికాస్ దగ్గరో, స్కూల్లోనో.

ఒకసారి ఒకాయన గురించి ఫోన్ చేశాను. పైలట్, మాటకారి, పిల్లలంటే ప్రాణం అని అందరూ అన్నారు. ఆయన అంతకుముందు చేసిన వీకెండ్ క్లబ్ నడిపే ఆవిడ కూడా అదే అంది, చాలా కలుపుగోలు మనిషి అని. నేను ఎప్పుడూ చివర్లో అడిగే ప్రశ్న అడిగాను: "మళ్లీ మీ క్లబ్‌కి వస్తానంటే పిల్లల్ని ఆయనకి అప్పగిస్తారా?"

అవతల చప్పుడు లేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

"ఆయనకి రూల్స్ అంటే కాస్త చిరాకు," అంది చివరికి.

ఏ రూల్స్ అని మెల్లగా అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. అబ్బాయిలకి విడివిడిగా మెసేజ్‌లు పెట్టేవాడు. వద్దన్నాక కూడా ఒక పిల్లవాణ్ణి ఒంటరిగా కారులో ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్లాడు. చిన్న చిన్న బహుమతులు, అదీ ఒకరిద్దరికే. వీటిలో నేరమని ఏదీ లేదు. ఏ చెక్‌లోనూ ఏదీ కనపడదు. ఆయన రిపోర్ట్ అద్దంలా ఉంది. మేము ఆయనకి పిల్లల పని ఇవ్వలేదు, విమానాలు తుడిచే పని ఉందన్నాం. ఆయన మళ్లీ రాలేదు.

ఆయన దురుద్దేశంతో చేశాడని నేను అనను, నాకు తెలియదు. కానీ గీత గీసి చూపించాక కూడా దాటేవాణ్ణి విమానంలో పిల్లల పక్కన కూర్చోబెట్టడానికి ఉద్దేశం తెలియాల్సిన పనిలేదు.

ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడండి

ఇంటర్వ్యూ అంటే పెద్ద మాట. కాఫీ తాగుతూ ఇరవై నిమిషాలు చాలు. ఇంకొక వాలంటీర్‌ని పక్కన పెట్టుకోండి. "మీకు పిల్లలంటే ఇష్టమేనా" లాంటివి అడిగి టైం వేస్ట్ చేసుకోవద్దు, ఎవరైనా ఇష్టమే అంటారు. ఒక పరిస్థితి చెప్పి ఏం చేస్తారో అడగండి.

పదమూడేళ్ల అమ్మాయి ఫ్లైట్ అయ్యాక ఇన్‌స్టాగ్రామ్‌లో రిక్వెస్ట్ పంపింది. ఏం చేస్తారు? విమానం ఎక్కేముందు ఒక పిల్లవాడు భయపడి ఏడుస్తున్నాడు. ఎలా ఊరడిస్తారు? ర్యాలీ అయిపోయింది, అందరూ వెళ్లిపోయారు, ఒక పిల్లవాడి నాన్న ఇంకా రాలేదు, మీరొక్కరే ఉన్నారు. ఏం చేస్తారు?

చివరి ప్రశ్నకి మన అంకుల్స్‌లో ఎక్కువమంది ఒకటే జవాబు చెబుతారు: "దారిలోనే కదా, నేనే ఇంటి దగ్గర దింపేస్తాను." మంచితనంతో అనే మాటే. మన ఊళ్లో అయితే అదే సరైన పని కూడా. అందుకని ఆ జవాబు చెప్పినవాణ్ణి పక్కన పెట్టేయకండి. అలా ఎందుకు చేయకూడదో చెప్పండి: ఇంకొక పెద్దమనిషిని ఉండమనాలి, తల్లిదండ్రులకి ఫోన్ చేయాలి, బయట అందరికీ కనిపించే చోట కూర్చోవాలి. చెప్పాక "ఓహో, సరే" అన్నాడా, "ఇదంతా అతి" అన్నాడా అనేదే మీరు చూడాల్సింది.

ఇంకో సంగతి. మన పిల్లలకి చిన్నప్పటి నుంచి ఎదురుపడిన ప్రతి పెద్దమనిషినీ అంకుల్, ఆంటీ అనమని నేర్పిస్తాం. ఆ పిలుపుతో పాటే నమ్మకమూ అలవాటైపోతుంది. తెలుగు సంఘం తరఫున ర్యాలీ పెడితే అక్కడ కొత్తవాళ్లంటూ ఎవరూ ఉండరు, అందరూ అంకుల్సే. తెలిసినవాళ్ల మధ్యే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

పైలట్ కాగితాలు వేరే లెక్క

పైలట్ సర్టిఫికెట్, మెడికల్ (ఆరోగ్య సర్టిఫికెట్) లేదా దానికి బదులుగా చెల్లే బేసిక్‌మెడ్, గత 24 నెలల్లో ఇన్‌స్ట్రక్టర్‌తో చేసిన ఫ్లైట్ రివ్యూ, ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు, ఈఏఏ సభ్యత్వం, ప్రయాణికులకి వర్తించే ఇన్సూరెన్స్. సర్టిఫికెట్ ఉందో లేదో అమెరికా విమానయాన శాఖ ఎఫ్ఏఏ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. ఇవన్నీ విమానం నడపగలడని చెబుతాయి, అంతవరకే. పదివేల గంటలు ఎగిరిన కెప్టెన్ అయినా పిల్లల విషయంలో మీకు కొత్తవాడే.

సరిగ్గా ఇక్కడే గొడవ వస్తుంది. నలభై ఏళ్లుగా ఎగురుతున్న పెద్దాయన "నన్నే అనుమానిస్తారా" అంటాడు. మా దగ్గర ఒకరిద్దరు అలిగారు కూడా. బతిమాలొద్దు, వాదించొద్దు. "మీ విమానం ఎన్నిసార్లు ఎగిరినా ప్రతిసారీ చుట్టూ తిరిగి చూసే ఎక్కుతారు కదా, ఇదీ అలాగే" అని ఊరుకోండి. అలిగినవాళ్లలో ఒకాయన రెండు నెలల తర్వాత తానే ఫారం నింపి పంపాడు.

ర్యాలీ రోజు

ఎంత జల్లెడ పట్టినా ఎవరో ఒకరు జారిపోవచ్చు. అలా జారినవాడికి అవకాశం దొరక్కుండా రోజుని అమర్చాలి.

ఏ పిల్లవాడి దగ్గరైనా ఇద్దరు పెద్దవాళ్లు, లేదా కనీసం నలుగురి కళ్లెదుట. హ్యాంగర్ వెనక గది, మూసిన ఆఫీసు, బాత్‌రూమ్ దారి ముందే చూసుకుని ఏది తాళం వేయాలో అది వేసేయండి. విమానం దాకా నడిపించేవాడు, పైలట్ ఎప్పుడూ వేరు వేరు మనుషులై ఉండాలి. తల్లిదండ్రుల సంతకం ఉన్న ఫారం లేకుండా ఎవరూ ఎక్కకూడదు, పక్కింటి ఆంటీ సంతకం చెల్లదు.

విమానంలో ఇద్దరు పెద్దవాళ్ల రూలు ప్రతిసారీ కుదరదు, రెండు సీట్ల విమానమైతే అసలే కుదరదు. అందుకే సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానాల్లో, బరువు లెక్క సరిపోతే, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కలిపి పంపండి. తెల్ల బోర్డు మీద విమానం నంబర్, పైలట్, పిల్లల పేర్లు, బయల్దేరిన టైం, దిగిన టైం రాసే మనిషిని ఒకరిని పెట్టండి. దారి అందరికీ ఒకటే. ఇరవై నిమిషాల్లో రావాల్సిన విమానం నలభై అయినా రాకపోతే మొదట అందరూ క్షేమమేనా అని కనుక్కోవాలి, తర్వాత ఆలస్యం ఎందుకైందో పైలట్‌ని అడగాలి.

సీటు బెల్టు సంగతి ప్రత్యేకంగా చెబుతాను. చిన్న విమానంలో బెల్టు పెట్టాలంటే పిల్లవాడి మీదకి వంగాలి. మా పైలట్లకి నేర్పించేది ఇది: ఇంజిన్ ఆపి ఉండగా, తలుపు తెరిచి ఉండగా, ర్యాంప్ వాలంటీర్ పక్కన నిలబడి చూస్తుండగా, ముందు పైలట్ తన బెల్టు పెట్టుకుని చూపిస్తాడు. "ఇలా క్లిక్ అనాలి, నువ్వు ట్రై చెయ్." ఎనిమిదేళ్ల పిల్లలు కూడా నూటికి తొంభై మంది పెట్టేసుకుంటారు. రాకపోతే "నేను సాయం చేయనా?" అని అడిగి, ఊఁ అన్నాకే చేయి వేయాలి. చివర్లో పట్టీ లాగి చూస్తూ ఏం చేస్తున్నాడో పైకి చెప్పాలి. మొదట్లో నాకిది చాదస్తం అనిపించింది. తర్వాత గమనిస్తే బెల్టు తానే పెట్టుకున్న పిల్లలకి భయం కూడా తగ్గుతోంది.

ర్యాలీ తర్వాత పిల్లలతో నేరుగా మెసేజ్‌లు లేవు. ఫొటో పంపాలంటే తల్లిదండ్రుల ఫోన్‌కి. "నీకు ఇంకో ఫ్లైట్ ప్రత్యేకంగా ఇస్తాను" అని పిల్లవాడితో అనేది లేదు, ఆ ముక్క అమ్మానాన్నలతో అనాలి.

ఎవరైనా ఏదైనా చెబితే

పిల్లవాడు వచ్చి ఏదైనా చెబితే వినండి, అన్న మాటలు అన్నట్టే రాసుకోండి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేయొద్దు. మీరు విచారణ చేయొద్దు, ఆ వాలంటీర్‌ని పిలిచి నిజమేనా అని అడగొద్దు. వెంటనే పోలీసులకో, రాష్ట్ర బాలల రక్షణ విభాగానికో ఫోన్ చేసి, ఆ తర్వాత ఈఏఏకి తెలియజేయండి. ఎవరికి చేయాలో తోచకపోతే చైల్డ్‌హెల్ప్ వాళ్ల 1-800-422-4453 దేశమంతా పనిచేస్తుంది. టెక్సస్, న్యూజెర్సీల్లో అయితే టీచరో డాక్టరో అని లేదు, అనుమానం ఉన్న ప్రతి మనిషీ తెలియజేయాలని చట్టం.

"మనలో మనం కూర్చుని మాట్లాడుకుందాం, రెండు కుటుంబాల పరువు" అని ఎవరో ఒక పెద్దమనిషి అంటాడు. తప్పకుండా అంటాడు. ఆయనతో మాట్లాడేలోపే ఫోన్ చేసి ఉండండి.

తేదీలు

ఇక మిగిలింది బోరు కొట్టే పని. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ప్రతి వాలంటీర్ పేరు ఎదురుగా శిక్షణ ముగిసే తేదీ, చెక్ ముగిసే తేదీ, పైలటైతే మెడికల్, ఫ్లైట్ రివ్యూ, ఇన్సూరెన్స్ తేదీలు రాయండి. ర్యాలీకి ఆరు వారాల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి చూడండి. తేదీ దాటినవాళ్లకి ఫోన్ చేసి చెప్పండి, జాకెట్ ఇవ్వకండి.

కిందటేడు వసంతంలో వారం ముందు చూడటం కుదరలేదు, ముందురోజు రాత్రి పదకొండింటికి కూర్చున్నాను. అందరివీ సరిగ్గా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ గడిలో ఉన్నది నా పేరే, ముగిసి తొమ్మిది రోజులైంది. మర్నాడు క్లిప్‌బోర్డు, జాకెట్ మా డిప్యూటీకి ఇచ్చేసి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎయిర్‌పోర్ట్ గేటు దగ్గర జెండా ఊపుతూ కార్లు పార్క్ చేయించాను. మా అమ్మాయి ఆ రోజే మొదటిసారి ఎగిరింది. ఆ విమానం టేకాఫ్ అవడం మినీవ్యాన్ల మధ్య నిలబడి చూశాను.